అది అడిగేది, మేము రాసుకునేవాళ్ళం

మా అమ్మకు వినపడదు. ఏడేళ్ళప్పుడు వచ్చిన జ్వరంలో చెవులు పోయాయి, వాటి వెనకాలే మెల్లగా మాటా పోయింది. అందుకని నేను పుట్టాక మొదట నేర్చుకున్నది చేతుల మాటే. బడికి వెళ్ళాక, మిగతా ఇళ్ళల్లో అమ్మలు నోటితో తిడతారని తెలిసి హడలిపోయాను. మా అమ్మ చేతులతో తిట్టేది. ఆవిడ కోపమంతా వేళ్ళలో ఉండేది, గాజులు గలగలమనేవి.

మా నాయనమ్మకు ఈ చేతుల మాట గిట్టేది కాదు. తెనాలి నుంచి వచ్చి అత్తాపూర్‌లో మా దగ్గర ఉన్నన్నాళ్ళూ, అమ్మ నాతో ఏదైనా చెప్పబోతే చాలు, "ఆ కోతి చేష్టలు ఆపమనవే" అనేది. అమ్మకు వినపడదు కనక ఆ మాట నాకు అనేది. నేనేమైనా తక్కువ తిన్నానా? ఆవిడ చిడతలు పట్టుకుని ఊగుతూ భజన చేస్తుంటే ఎదురుగా వెళ్ళి కూర్చుని, "మరి ఇవేం చేష్టలు నాయనమ్మా" అని అడిగేదాన్ని. నాన్న ఆఫీసు నుంచి వచ్చాక వీపు విమానం మోత మోగేది.

ఇదంతా ఎందుకంటే, డిగ్రీ అయ్యాక, తొంభైల మధ్యలో నాకు దొరికిన మొదటి ఉద్యోగం అచ్చంగా అదే. కోతికి చేతుల మాట నేర్పడం.

ఉద్యోగం ఇచ్చినాయన రిటైరైన సైకాలజీ లెక్చరరు. మా వైపు మనిషే, కృష్ణా జిల్లా. విదేశాల్లో చింపాంజీ పిల్లల్ని ఇళ్ళల్లో పెట్టుకుని, గౌన్లు తొడిగి, బల్ల దగ్గర కూర్చోబెట్టి అన్నం పెట్టి, సొంత పిల్లల్లా పెంచుతూ చేతులతో మాట్లాడటం నేర్పారట. ఆ పేపర్లన్నీ జిరాక్సులు తీయించి పెట్టుకున్నారు. "చింపాంజీ మనకెక్కడ దొరుకుతుందమ్మా? మనకున్నది కోతి. కోతికి ఎంతవరకు వస్తుందో చూద్దాం" అన్నారు. మీ అమ్మగారితో ఎలా మాట్లాడతావో చూపించమంటే చూపించాను. చాలా సంతోషపడ్డారు. అంతవరకు నా చేతులు చూసి సంతోషపడ్డ బయటివాళ్ళు ఎవరూ లేరు. నేను పొంగిపోయాను, ఒప్పుకుంటున్నాను.

వచ్చేముందు ఒక్క ప్రశ్న అడిగాను. "పెద్దదయ్యాక దాన్ని ఏం చేస్తారు సార్?"

"చూద్దాంలే అమ్మా" అన్నారు.

నాకు ఒక జవాబు అందకపోతే కాలు నిలవదు. ఆ రోజు బస్సులో కూర్చున్నానన్న మాటేగాని, దిగేదాకా ఆ "చూద్దాంలే" నన్ను గిల్లుతూనే ఉంది. అయినా మర్నాడు వెళ్ళి చేరాను.

నాన్నకు కోతి మీద పరిశోధన అని చెప్పాను. ఆయన, "డిగ్రీ చదివి కోతికి ట్యూషనా" అని నవ్వి పేపరు తెరిచాడు. అమ్మకు మాత్రం అబద్ధం చెప్పాను. మాట రాని ఒక పసిపిల్లకు మన మాట నేర్పుతున్నానని చెప్పాను. నాయనమ్మ అన్న మాట అమ్మకు వినపడలేదు గాని తెలియకుండా పోలేదు. పెదాల కదలిక ఆవిడ చదవగలదు. ఆ మాటను ఇప్పుడు నా ఉద్యోగం చేసుకున్నానని ఏ చేత్తో చెప్పను? అమ్మ మాత్రం ఎంత మురిసిందో. "ఎన్నేళ్ళ పిల్ల? బాగా చూసుకుంటారా? నవ్వుతుందా?" అని రోజూ అడిగేది.

నేను పొద్దున్నే ఆరాంఘర్‌లో బస్సు మారి, శంషాబాద్ బస్సెక్కి, కొత్వాల్‌గూడ దారి దగ్గర దిగి నడిచేదాన్ని. సార్ అక్కడ ఒక ద్రాక్షతోటలో ఇల్లు కిరాయికి తీసుకున్నారు. తోట అనడానికి సగం పందిళ్ళే మిగిలాయి, బోర్లు ఎండిపోయి మిగతా సగం రాతి స్తంభాలుగా నిలబడి ఉండేది. ఆ తోటను చూసుకునే ఆవిడ తొండుపల్లి ఆడపడుచు, నలభై ఏళ్ళుంటాయి. భర్త గొర్రెలు కాస్తాడు. నేను అక్కా అనేదాన్ని. పిల్ల రాత్రిళ్ళు ఆవిడ దగ్గరే ఉండేది. సార్ వారానికి నాలుగు రోజులు, పదకొండు గంటలకు స్కూటరు మీద వచ్చేవారు.

కోతిపిల్లను మేము పిల్ల అనే పిలిచేవాళ్ళం. దాని తల్లి శంషాబాద్‌లో కరెంటు తీగ పట్టుకుని చచ్చిపోతే, పొట్టకు కరుచుకుని ఉన్న దీన్ని ఎవరో తెచ్చి ఇచ్చారు. "మనం తల్లి నుంచి లాక్కోలేదు. అనాథను చేరదీశాం. అందులో తప్పేముంది?" అని సార్ తరచూ అనేవారు. ఎవరూ అడగకపోయినా అనేవారు. ఒకసారి అక్క వంకాయలు కోస్తూ ఆ మాట విని, "తల్లి సచ్చినా మంద ఉంటది గద సారు. మందల ఏదో ఒకటి సంకల ఏసుకుంటుండె" అంది. సార్ వినిపించుకోలేదు.

నేర్పడం నేను అనుకున్నంత సులువు కాలేదు. చేతుల మాటకు ముందు కావలసింది చేతులు కాదు, కళ్ళు. ఎదుటివాళ్ళు నీ మొహం చూడకపోతే నువ్వు ఎంత మొత్తుకున్నా గాలికి చెప్పుకున్నట్టే. మా ఇంట్లో అది మొదటి నియమం. పిల్లేమో మొహం చూసేది కాదు. ఒక్క క్షణం చూసి చటుక్కున పక్కకు తిప్పుకునేది. నాకు ఒళ్ళు మండేది. గడ్డం పట్టి నా వైపు తిప్పుకుని, చూసినప్పుడల్లా ఒక పల్లీ గింజ పెట్టేదాన్ని. రెండు నెలలు అదే పని. చివరకు అది నా కళ్ళల్లోకి కళ్ళు పెట్టి, రెప్ప వేయకుండా కూర్చోవడం నేర్చుకుంది. నేను గెలిచాననుకున్నాను. ఆ రోజు ఇంటికి తిరిగొస్తూ బస్సులో పాటలు పాడుకున్నాను.

ఆ తర్వాత త్వరగానే వచ్చాయి. పిడికిలి బిగించి వదిలితే పాలు. రెండు చేతులూ పైకి చాపితే ఎత్తుకో. అరచేయి విదిలిస్తే వద్దు. రెండు అరచేతులూ కలిపి విడదీస్తే తలుపు. ఏడాది తిరిగేసరికి పది పన్నెండు దాకా చేసేది. అది భాషేనా, గింజల కోసం పడ్డ అలవాటా అని మీరు అడిగితే, నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్కటి తెలుసు. పాలు తాగి కడుపు నిండి, పల్లీలన్నీ అయిపోయాక కూడా, అది వచ్చి నా ఎదురుగా కూర్చుని ఎత్తుకో అనేది.

అప్పుడు సార్ ఒక పద్ధతి పెట్టారు. పాలు అడిగితే ఇవ్వాలి, ఎత్తుకో అంటే ఎత్తుకోవాలి. తలుపు, వద్దు అన్న రెంటికి మాత్రం పాఠం జరిగేటప్పుడు జవాబివ్వకూడదు. పుస్తకంలో టిక్కు పెట్టి ఊరుకోవాలి. "అన్న మాట కరెక్టే కాబట్టి మార్కు పడుతుంది. కానీ తలుపు తీస్తే పాఠం పోతుంది కదమ్మా" అని సార్ నచ్చజెప్పారు. సబబుగానే అనిపించింది. బడిలో ఏ పిల్ల ఇంటికి పోతానంటే పంపిస్తారు?

అలా అది తలుపు అనేది, నేను టిక్కు పెట్టేదాన్ని. మళ్ళీ తలుపు, మళ్ళీ టిక్కు. చూసి నేర్చుకుందో, అలసిపోయిందో, కొన్నాళ్ళకు తలుపు అన్నాక నా మొహం కాక నా పెన్ను వైపు చూడటం మొదలుపెట్టింది. సార్ దాన్ని కూడా రాసుకోమన్నారు.

అక్క గడపలో కూర్చుని ఇదంతా చూసేది. "ఏందో బిడ్డా. దానికి చెప్పుడు నేర్పిండ్రు, మీరు ఇనుడు నేర్సుకోలే" అంది ఒకరోజు.

"అది పాఠం అక్కా, నీకు తెలియదు" అన్నాను. నా నోటి దురుసు నాకు కొత్త కాదు. అక్క ఏమీ అనుకోలేదు, చాటలో బియ్యం చెరుగుతూ కూర్చుంది. నాకే ఆ మధ్యాహ్నమంతా కుదురు లేకుండా పోయింది.

ఆ రోజుల్లోనే సార్ జిరాక్సులు ఇంటికి తీసుకెళ్ళి చదవడం మొదలుపెట్టాను. ఆరాంఘర్‌లో లారీల హోరులో, బస్సు కోసం నిలబడి చదివేదాన్ని. చిన్నప్పుడు చింపాంజీలు ఎన్ని మాటలు నేర్చాయో పేజీలకు పేజీలు రాశారు. పెద్దయ్యాక ఏమయ్యాయో మాత్రం ఎక్కడో చివర నాలుగు లైన్లలో ఉండేది. బలం వచ్చింది, కరవడం మొదలుపెట్టాయి, డబ్బులు అయిపోయాయి, బోనులకు పంపారు. కొన్నిటిని మందులు ప్రయోగించే చోటికి పంపారు. అక్కడి బోనుల్లోంచి కూడా అవి వచ్చేపోయేవాళ్ళకు చేతులతో చెప్పుకునేవట. వాళ్ళకా మాట రాదు. అది చదివి నేను ఎక్కాల్సిన బస్సు వదిలేశాను. నిలబడలేక ఆరాంఘర్ నుంచి రాజేంద్రనగర్ వైపు నడుచుకుంటూ పోయాను, ఎటు పోతున్నానో చూసుకోకుండా.

మర్నాడు సార్‌ను మళ్ళీ అడిగాను. "మన పిల్ల పెద్దదయ్యాక?"

"అప్పుడే ఏం తొందరమ్మా" అన్నారు.

రెండో ఏడు వేసవిలో అమ్మ వచ్చింది. చెప్పకుండా వచ్చింది. నాన్న చేత చీటీ మీద ఊరి పేరు, తోట గుర్తు రాయించుకుని, కండక్టర్లకు చూపిస్తూ రెండు బస్సులు మారి వచ్చింది. మాట రాని పిల్ల కోసం తన చేత్తో కుట్టిన గౌను, ఒక డబ్బాలో సున్నుండలు తెచ్చింది. మా వీధి ఆడవాళ్ళందరి జాకెట్లూ అమ్మే కుడుతుంది. ఆ గౌనుకు చిన్న చిన్న కుచ్చులు పెట్టింది. అన్ని కుచ్చులు నాకు ఎప్పుడూ పెట్టలేదు.

తలుపు తోసుకుని వచ్చేసరికి నా ఒళ్ళో పిల్ల ఉంది. ఎదురుగా కుర్చీలో సార్. అమ్మ గదంతా చూసింది. ఇంకో పిల్ల ఎక్కడైనా ఉందేమోనని మూలలు కూడా చూసింది. తర్వాత కోతిని చూసింది, నన్ను చూసింది. నా చేతులు కదల్లేదు.

అమ్మ తలుపు మూసి, సంచీ పక్కన పెట్టుకుని చాప మీద కూర్చుంది. పిల్ల నా ఒళ్ళోంచి దిగి, ఆవిడ ముందుకు పోయి, నేను నేర్పినట్టే మొహంలోకి తేరిపార చూసి, రెండు అరచేతులూ కలిపి విడదీసింది. తలుపు. కొత్త మనిషితో కూడా మాట్లాడుతోందని సార్ ఉత్సాహంగా పుస్తకం అందుకున్నారు.

అమ్మ లేచి వెళ్ళి తలుపు తీసింది. పిల్ల ఒక్క ఉదుటున బయటికి పోయి పందిరెక్కింది.

"అయ్యో, ఎందుకు తీశారమ్మా? పాఠం మధ్యలో ఉన్నాం. మీ అమ్మగారికి చెప్పు" అన్నారు సార్.

నేను చెప్పాను. అమ్మ వేళ్ళు కదిలాయి. "అడిగింది కదా."

"అది పాఠం అమ్మా."

"తీయని తలుపుకు అడగడం ఎందుకు నేర్పావు?"

ఏమంటున్నారని సార్ అడిగారు. "సారీ చెబుతోంది సార్" అన్నాను. నా జీవితంలో నేను చేసిన తర్జుమాల్లో అంత సిగ్గుమాలినది ఇంకోటి లేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆరాంఘర్‌లో బస్సు కోసం నిలబడ్డాం. అమ్మ అంతవరకు నాతో మాట్లాడలేదు. అక్కడ, జనం చూస్తున్నా పట్టించుకోకుండా, సంచీ నా చేతికిచ్చి మరీ చెప్పింది. "నా మాట కోతికి నేర్పినందుకు కోపం లేదు. నాకు పిల్లని చెప్పావు. అందుకు ఉంది." మళ్ళీ అంది. "మీ నాన్నా ఇంతే. నేను అడుగుతాను. అర్థమైందని తల ఊపుతాడు. పేపరు చదువుకుంటాడు." ఆ గౌను పక్కింటి పాపకు ఇచ్చేసింది. సున్నుండలు మాత్రం మర్నాడు నాచేత పిల్లకు పంపింది.

అప్పటి నుంచి సార్ లేనప్పుడు అది అడిగితే తలుపు తీసేదాన్ని. తీసిన రోజున రెండుమూడు సార్లకంటే అడిగేది కాదు. బయట తిరిగి తనే లోపలికొచ్చి కూర్చునేది. సార్ వచ్చిన రోజున మళ్ళీ టిక్కులు. వారంలో సగం ఒక మనిషిని, సగం ఇంకో మనిషిని. నాకే అంత చిరాగ్గా ఉంటే, ఏ రోజు తలుపు తెరుచుకుంటుందో తెలియని దానికి ఎలా ఉండేదో.

మూడో ఏడు అది సార్‌ను కరిచింది. పెంచిన చేతినే కరిచిందని ఆయన తర్వాత అందరికీ చెప్పుకున్నారు గాని, నేను పక్కనే ఉన్నాను. కొత్త గుర్తు నేర్పాలని ఆయన దాని గడ్డం పట్టుకున్నారు. అది వద్దంది. మళ్ళీ వద్దంది. నాలుగుసార్లు అంది. నేను నాలుగు టిక్కులు పెట్టాను. అయిదోసారి బొటనవేలు కరిచింది. ఎముక దాకా దిగింది.

వారం తర్వాత సార్ చేతికి కట్టుతో వచ్చి విషయం చెప్పారు. మందులు పరీక్షించే ల్యాబొకటి తీసుకోవడానికి ఒప్పుకుందట. నెలాఖరున బండి వస్తుంది. నేను ఎగిరిపడ్డాను. నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన అన్నీ విని, "నాకు మాత్రం బాధగా లేదనుకున్నావా? బయట వదిలితే కుక్కలు పీకి చంపుతాయి. అది కోతుల్లో బతకలేదు, మనుషుల్లో ఉండలేదు. అక్కడ కనీసం వేళకు తిండి ఉంటుంది" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా. అది నటన కాదు. దానికోసం ప్రతిసారీ అరటిపళ్ళు తెచ్చే మనిషి ఆయన. అందుకే నాకు ఇంకా మంట. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

ఆయన స్కూటరు వెళ్ళిపోయాక అక్క నా పక్కన కూర్చుంది. "పరేషాన్ గాకు బిడ్డా. సాగర్ కట్ట దిక్కు చింతచెట్లకాడ మంద ఉన్నది. రోజు పొద్దుగాల తీస్కపోదాం. అలవాటైతె ఉంటది, లేకుంటె మన నసీబు."

నెలాఖరుకు పదిహేడు రోజులున్నాయి. మర్నాడు పొద్దున్నే, సార్ రాకముందు, పిల్లను చంకనెత్తుకుని హిమాయత్ సాగర్ వైపు నడిచాం. మంద చింతచెట్ల కింద దిగి ఉంది. ఎవరో పోసిపోయిన శనగలు ఏరుకుంటున్నాయి. పిల్లను దింపాం. అది భయపడలేదు. నేరుగా వెళ్ళి అన్నింటికంటే పెద్ద ఆడకోతి ఎదురుగా కూర్చుంది. దాని కళ్ళల్లోకి కళ్ళు పెట్టి, రెప్ప వేయకుండా చూసింది. రెండు చేతులూ పైకి చాపింది. ఎత్తుకో అంది.

ఆ పెద్దది పళ్ళు బయటపెట్టింది. పిల్ల ఇంకా చూస్తూనే ఉంది, చేతులు ఇంకా చాపే ఉన్నాయి. నాలుగైదు కలిసి మీద పడ్డాయి. అక్క కర్ర తిప్పుకుంటూ పోయి లాక్కొచ్చేసరికి చెవి చిరిగి, భుజం మీద పన్ను దిగి నెత్తురు కారుతోంది. నా మెడ కరుచుకుని వణికిపోయింది.

ఇంటికొచ్చి పసుపు పెడుతూ అక్క చెప్పింది. "గట్ల కండ్లల్ల కండ్లు వెట్టి సూస్తే అవి ఊకుంటయా? కొట్లాటకొచ్చింది అనుకుంటయి. కోతికి కండ్లల్ల సూసుడంటె తిట్టినట్టే. గా సంగతి మీకెర్క లేదా?"

నాకు తెలియదు. సార్‌కూ తెలియదు. ఇన్ని పేపర్లు చదివాం, ఇన్ని పుస్తకాలు నింపాం. అది మొదటి రోజుల్లో నా మొహం చూడకుండా చటుక్కున తిప్పుకున్నది మొండితనంతో కాదని, మర్యాదతోనని మాకు తట్టలేదు. రెండు నెలలు గడ్డం పట్టి, గింజలు పెట్టి, దాని వాళ్ళు దాన్ని చంపడానికి ఏది చాలో అదే నేర్పాను. ఇంతకంటే బాగా నేర్పిన పాఠం నా జన్మలో లేదు.

ఇక మిగిలింది ఒకటే దారి. నేర్పినదాన్ని మాన్పించాలి. అది నా కళ్ళల్లోకి చూసినప్పుడల్లా నేను ముఖం తిప్పుకోవాలి. చేయి లేపితే చూడనట్టే ఉండాలి. అది నేలచూపులు చూస్తూ పక్కగా వస్తేనే దగ్గరకు తీసి తల నిమరాలి. అక్క, నేను ఇద్దరం మాట అనుకున్నాం. సార్‌కు మాత్రం ఆ గాయాలు కుక్క కరిచినవని చెప్పాం. చెప్పినంత తేలికా అది? పొద్దున్నే వెళ్ళగానే పరుగెత్తుకొచ్చి ఎత్తుకో అనేది. నేను గోడ వైపు తిరిగేదాన్ని. అది చుట్టూ తిరిగి ఆ వైపుకొచ్చి మళ్ళీ అనేది. నేను ఈ వైపు తిరిగేదాన్ని. నా చీర కుచ్చెళ్ళు పట్టి లాగేది. తనకు వచ్చినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేసేది, పాలు, తలుపు, ఎత్తుకో, వద్దు, ఏది చేస్తే ఈ మనిషి మళ్ళీ చూస్తుందో అని వెతుక్కుంటున్నట్టు. నేను పందిరి గుంజ పట్టుకుని నిలబడి ఏడ్చేదాన్ని. ఏడుస్తూ కూడా అటు చూడలేదు.

వారం దాటాక చేతులు లేపడం తగ్గింది. తర్వాత దాదాపు మానేసింది. సార్ పుస్తకం తిరగేసి, "చూశావా అమ్మా, అది కరిచాక మనం గింజలు తగ్గించగానే పోయింది. అయితే ఇది భాష కాదు, అలవాటే" అన్నారు. ఆయన చివరకు అదే రాసుకున్నారని తర్వాత తెలిసింది. నిజం నాకు, అక్కకు తెలుసు. చెబితే పొద్దుటి సంగతి బయటపడుతుంది. నోరు మూసుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఇంట్లో, అమ్మ నా ఎదురుగా కూర్చుని ఏదో చెప్పబోయింది. ఆవిడ చేతులు లేవగానే నా మొహం దానంతటది పక్కకు తిరిగిపోయింది. అమ్మ లేచొచ్చి, నా గడ్డం పట్టి తన వైపు తిప్పుకుంది. ఆవిడ కళ్ళల్లో భయం చూశాను. ఆవిడకున్న ఒకే ఒక్క కిటికీని నేను వేసేశాను. పిల్ల సంగతంతా చెప్పుకుని ఆవిడ ఒళ్ళో పడి ఏడ్చాను. అమ్మ నా మొహం పైకెత్తి అంది. "దాన్ని బతికించడానికే అయితే చెయ్యి. నాతో మాత్రం మళ్ళీ అలా చేయకు."

రోజూ పొద్దున మంద దగ్గరకు తీసుకుపోతూనే ఉన్నాం. దూరంగా దింపేవాళ్ళం. మొదట నాలుగు రోజులు మా కాళ్ళు వదల్లేదు. తర్వాత కొద్దిగా ముందుకు పోయి, తల దించుకుని, శనగలు ఏరుకునేది. ఒకసారి తరిమాయి, ఒకసారి ఊరుకున్నాయి. బండి వచ్చే రోజు పొద్దున, ఒక ముసలి ఆడకోతి దాని పక్కకు వచ్చి కూర్చుని, చిరిగిన చెవి దగ్గర పేలు చూడటం మొదలుపెట్టింది. పిల్ల ముడుచుకుని, కళ్ళు నేలకేసి, కదలకుండా కూర్చుంది. అక్క నా చేయి పట్టి వెనక్కి నడిపించింది. ఇద్దరం తోటకు వచ్చేశాం.

బండి పదకొండుకు వచ్చింది. పిల్ల ఏదని సార్ అడిగారు.

"నేనే వదిలేశాను సార్. మందలో వదిలేశాను."

ఆయన "మూడేళ్ళ పని అమ్మా" అని మాత్రం అన్నారు. బండివాళ్ళకు క్షమాపణ చెప్పి పంపి, నన్ను మర్నాటి నుంచి రావద్దన్నారు. నేను వాదించలేదు.

ఇంట్లో పది రోజులు ఉన్నాను. ఉన్నానంటే తిరిగాను. వంటింట్లోంచి వీధిలోకి, వీధిలోంచి డాబా మీదికి. అది బతికే ఉందా, కుక్కల పాలైందా, ఇంకా ఎవరి కళ్ళల్లోకైనా చూసి చేతులు చాపుతోందా. పదకొండో రోజున ఆగలేక బస్సెక్కాను. అక్క తోటలోనే ఉంది. "నేను పోలే బిడ్డా. పోతే మల్ల ఎంబడి వస్తదని" అంది. ఇద్దరం సాగర్ వైపు నడిచాం.

మంద చింతచెట్ల కిందే ఉంది. పిల్ల చివరన, ముసలి దాని పక్కన, కాయ ఏదో ఒలుచుకుంటూ కనపడింది. చెవి మానింది. "బతికే ఉంది అక్కా" అన్నాను, గుసగుసగా.

అప్పుడది మమ్మల్ని చూసింది. కాయ వదిలేసి లేచింది. నెమ్మదిగా, మందకూ మాకూ మధ్య ఖాళీలో సగం దూరం వచ్చి కూర్చుంది. వెనక పెద్ద కోతులు తలలెత్తి చూస్తున్నాయి. అది నా వైపు ముఖమెత్తింది. చేయి లేవబోతోంది.

నేను ముఖం తిప్పుకున్నాను. సాగర్ నీళ్ళ వైపు తిరిగి, పళ్ళు బిగించి నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. ఒక్కసారి చూడాలని మెడ నరాలు లాగుతున్నాయి. ఎండుటాకుల్లో అడుగుల చప్పుడు, కొమ్మ ఊగిన చప్పుడు వినబడి తిరిగేసరికి ఆ ఖాళీలో ఏమీ లేదు. మంద చెట్లెక్కి పోతోంది. అందులో ఏది మా పిల్లో గుర్తుపట్టలేకపోయాను.

అక్క మాత్రం అంతసేపూ అటే చూస్తూ నిలబడి ఉంది. మూడేళ్ళు గడపలో కూర్చుని చూసిన మనిషి, పిల్ల చేతులు నాకెంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు.

"ఏమంది అక్కా?" అని అడిగాను.

"ఏమనలే" అంది అక్క. "పా బిడ్డా, పోదాం."

కొంగుతో మొహం తుడుచుకుంటూ ముందు నడిచింది. రోడ్డు దాకా వచ్చి, బస్సు వచ్చేదాకా నాతోనే నిలబడింది. నేను ఎక్కి కూర్చునేదాకా నా మొహం చూడలేదు.